అత్తయ్య పొడి, ఆపేసిన మాత్రలు

గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక కోడలు రాశారు. పేరు, వీధి బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది, సారం ఇది.

ఆవిడ అత్తగారికి 63 ఏళ్ళు, బరువు 58 కిలోలు. పోయిన ఏడు రథయాత్ర అయిన వారంలో కాళ్ళు తిమ్మిర్లని ఆస్పత్రికి వెళ్తే షుగరని తేలింది. మూడు నెలల షుగరు పరీక్షలో 8.9 వచ్చింది. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, గ్లిమిపిరైడ్ 1 పొద్దున్న టిఫిను ముందు రాసిచ్చారు. దసరా దాకా మాత్రలు సక్రమంగా వేసుకున్నారు. దసరాకి గుణుపురం నుంచి వచ్చిన చిన్నత్తగారు ఒక పొడి నేర్పారు. మెంతులు, దాల్చిన చెక్క, పసుపు, నల్ల జీలకర్ర సమపాళ్ళలో దంచి, పరగడుపున రెండు చెంచాలు, పడుకోబోయే ముందు రెండు చెంచాలు వేణ్ణీళ్ళతో మింగాలి. మాత్రలూ పొడీ కలిసి నడుస్తుండగా కార్తీకం వచ్చింది. అత్తగారు నెలంతా ఒంటిపూట భోజనం చేశారు. నెల మధ్యలో ఒక ఉదయం మీటరు 128 చూపించింది. ఆ తర్వాతి సోమవారం ఆవిడ మాత్రలు వేసుకుని, పొడి మింగి ఉపవాసం ఉన్నారు. మధ్యాహ్నం మూడింటికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. పంచదార నీళ్ళు పట్టిస్తే పావుగంటకి తేరుకున్నారు. "పొడితో షుగరు దిగిపోయింది, ఇంకా మాత్రలు మింగితే ప్రాణం తీస్తాయి" అని ఆ రోజుతో మాత్రలన్నీ మానేశారు.

సంక్రాంతి వెళ్ళాక పరగడుపున చూస్తే 214. అరికాళ్ళు మండుతున్నాయి, రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తున్నారు. "మోతాదు చాలడం లేదు" అని ఇప్పుడు సంతలో అమ్మే పొట్లం కూడా తెప్పించుకున్నారు. ఇంగ్లీషు మందులు కిడ్నీలు పాడుచేస్తాయని చిన్నత్తగారి మాట. కోడలు నోరు తెరిస్తే "మాకు నేర్పుతోంది" అంటారు. కొడుకు "అమ్మ ఇష్టానికి వదిలెయ్" అంటున్నారు. ఆ పొడి పనిచేస్తుందా, ఎంత తినాలి, మాత్రలు మళ్ళీ వేయించాలా, ఇంట్లో గొడవ లేకుండా ఇదంతా ఎలా చెప్పాలి? ఇవీ ఆవిడ ప్రశ్నలు.

సమాధానం

అమ్మా, మీ ఉత్తరంలో తేదీలు లేకపోయినా పండగలున్నాయి. వాటిని వరసగా పెట్టుకుంటే సగం ముడులు విడిపోతాయి. అంతకంటే ముందు తొందర పని ఒకటుంది. పరగడుపున 214, రాత్రిళ్ళు పదేపదే లేవడం, అరికాళ్ళ మంటలు, మాత్ర లేకుండా రెండు నెలలు: ఇవన్నీ కలిసి ఉన్నప్పుడు పొడి పాళ్ళు మార్చి ఇంకో నెల చూద్దామనే వీలు లేదు. ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి. మీటరు 300 దాటినా, వాంతులో మత్తో ఆయాసమో కనిపించినా వారం దాకా కూడా ఆగొద్దు, ఆ పూటే వెళ్ళాలి.

ఇక ముడులు. ఆ 128 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. అప్పటికి ఆవిడ నాలుగు నెలలుగా మాత్రలు వేసుకుంటున్నారు. కార్తీకం కాబట్టి రాత్రి అన్నం లేదు, రోజు మొత్తం మీద తిన్న అన్నం సగానికి సగం తగ్గింది. ముందు రాత్రి తినకపోతే తెల్లవారి షుగరు తగ్గడం సహజం. వీటి పక్కన పొడి కూడా ఉంది. ఇన్ని కలిసి దించిన అంకెని ఇంట్లో అందరూ పొడి ఖాతాలో రాశారు. పైగా ఇంటి మీటరు అటూ ఇటూ 15 శాతం దాకా తేడా చూపించొచ్చు. 128 అంటే అసలు షుగరు 111 అయినా కావచ్చు, 150 అయినా కావచ్చు. ఒక్క ఉదయపు ఒక్క చుక్కతో ఏ మందు గురించీ, ఏ పొడి గురించీ తీర్పు చెప్పలేం. సంక్రాంతి తర్వాత పొడి ఉంది, మాత్రలు లేవు, ఉపవాసాలు లేవు. అప్పుడు 214 వచ్చింది. పొడి ఒంటరిగా ఎంత మోయగలదో ఆ అంకె దాదాపుగా చెప్పేసింది.

రెండో ముడి ఆ సోమవారం. మీ అత్తయ్యది మొండితనమని మీరు రాశారు. నాకు అలా అనిపించడం లేదు. మాట తడబడేంతగా షుగరు పడిపోయిన మనిషికి మాత్ర చూస్తే భయం వేస్తుంది, అది న్యాయమైన భయమే. అయితే వేసుకున్న రెండు మాత్రల్లో ఆ పని చేయగలిగింది గ్లిమిపిరైడ్. కడుపులో తిండి ఉన్నా లేకపోయినా అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. ఆ మాత్ర వేసుకుని సాయంత్రం దాకా ఏమీ తినకపోతే షుగరు పడిపోయే ప్రమాదం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ దారి వేరు. కాలేయం రక్తంలోకి వదిలే చక్కెరని అది తగ్గిస్తుంది. ఒక్కటే వేసుకుంటే షుగరు ప్రమాదంగా పడిపోవడం చాలా అరుదు. నేరం ఒక మాత్రది, శిక్ష రెండిటికీ పడింది. ఇంట్లో మీరు చెప్పగల మాటల్లో దీన్నే నేను మొదట పెడతాను, ఎందుకంటే ఇది ఆవిడ భయాన్ని కాదనదు. "అత్తయ్యా, ఆ రోజు మీకు చెమటలు పట్టించిన మాత్ర మార్పించుకుందాం" అని చెప్పొచ్చు. డాక్టరు దాన్ని తీసేయొచ్చు, తగ్గించొచ్చు, షుగరు అంతగా పడనివ్వని వేరే రకం రాయొచ్చు. ఆ సోమవారం సంగతి తెలియకుండా డాక్టరు ఏదీ చేయలేడు. ఇన్నాళ్ళూ ఆయనకి ఎవరూ చెప్పలేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఒక హెచ్చరిక: ఆ గ్లిమిపిరైడ్‌ని మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టించొద్దు.

ఇక పొడి. మీ చిన్నత్తగారి మీద గౌరవంతోనే దాని లెక్క తీస్తాను. టీ చెంచా పొడి సుమారు రెండున్నర గ్రాములు. రోజుకి నాలుగు చెంచాలంటే 10 గ్రాములు, అందులో ఒక్కో దినుసు రెండున్నర గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1990 ప్రాంతంలో మెంతుల మీద చేసిన పరిశోధనల్లో షుగరున్నవాళ్ళకి రోజుకి 25 గ్రాముల నుంచి 100 గ్రాముల దాకా మెంతిపిండి, రెండు పూటల భోజనంలో కలిపి పెట్టారు. పరగడుపు షుగరు తగ్గింది కూడా. అంటే మీ ఇంటి పొడిలో పనికొచ్చే దినుసు ఉంది గానీ, అది ఉండాల్సిన దాంట్లో పదో వంతే ఉంది. ఎక్కువ తినకూడని దినుసేమో ఎక్కువైంది. అది దాల్చిన చెక్క.

మన కిరాణా కొట్లలో మామూలుగా దొరికే దాల్చిన చెక్క కాసియా రకం. మందంగా, గట్టిగా, ముదురు రంగులో, ఒకే పొరగా ముడుచుకుని ఉంటుంది. చేత్తో విరగ్గొట్టాలంటే బలం పెట్టాలి. సింహళం చెక్క లేతరంగులో, కాగితాలు చుట్టినట్టు పల్చని పొరలు పొరలుగా ఉండి వేళ్ళ మధ్య నలిగిపోతుంది, ఖరీదూ ఎక్కువే. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది, అది మోతాదు మించితే కొందరికి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. రోజూ తినేవాళ్ళకి ఐరోపా ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాము. 58 కిలోల మీ అత్తయ్యకి అది 5.8 మిల్లీగ్రాములు. గ్రాము కాసియాలో సగటున 3 మిల్లీగ్రాముల దాకా ఉంటుందనుకుంటే, ఆవిడ తింటున్న రెండున్నర గ్రాముల్లో ఏడున్నర. మసాలాలోనో టీలోనో వేసే చిన్న ముక్కకి ఈ లెక్క అక్కర్లేదు. నెలల తరబడి చెంచాలతో మింగుతున్నప్పుడే అవసరం.

దాల్చిన చెక్కకి ఇంత పేరు ఎలా వచ్చిందంటే, 2003లో పాకిస్తాన్‌లో 60 మందికి రోజుకి 1, 3, 6 గ్రాముల చొప్పున 40 రోజులు ఇచ్చి చూస్తే పరగడుపు షుగరు 18 నుంచి 29 శాతం తగ్గిందని వచ్చింది. తర్వాత జరిగిన పరీక్షల్లో కొన్నిట్లో తగ్గింది, కొన్నిట్లో లేదు. 2012లో అన్నిటినీ కలిపి తూచిన కాక్రేన్ సమీక్ష, షుగరుకి దాల్చిన చెక్కని మందుగా వాడమనడానికి ఆధారాలు చాలవని తేల్చింది. కాబట్టి మీ పొడిలోంచి తీసేయాల్సింది ఏదన్నా ఉంటే నా లెక్కలో ముందు ఇదే.

పసుపు ఉంచుకోండి, కానీ షుగరు కోసమని కాదు. పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతం. రెండున్నర గ్రాముల పసుపుకి అది 75 మిల్లీగ్రాములు. థాయిలాండ్‌లో షుగరు అంచున ఉన్నవాళ్ళ మీద ఫలితం చూపిన పరీక్షలో వాడింది రోజుకి 1500 మిల్లీగ్రాముల కర్కుమిన్ సారం, అవి గొట్టాల మాత్రలు (క్యాప్సూల్స్). అలాంటి గాఢమైన గొట్టాలతో కాలేయం వాచిన సందర్భాలు నమోదయ్యాయి గనక వాటి వైపు వెళ్ళమని నేను చెప్పను. పులుసులో, పప్పులో వేసే పసుపు బాగానే ఉంది. అదైనా కొమ్ములు కొని పట్టించుకోండి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కంధమాల్ పసుపు మీ ఒడిశాలోదే. విడిగా అమ్మే మరీ మెరిసే పసుపుపొడిలో రంగు కోసం సీసం కలిసిన లెడ్ క్రోమేట్ కలిపే మోసం ఉంది. రోజూ చెంచాలతో తినే మనిషికి అది చిన్న సంగతి కాదు.

నల్ల జీలకర్ర మీద కొంత ఆశ కలిగించే పరీక్షలున్నాయి, రోజుకి 2 గ్రాముల మోతాదులో, అదీ మాత్రలతో పాటుగా ఇచ్చినవి. మీ ఒడియా వంటల్లో పంచఫుటణ పోపులో అది ఎలాగూ పడుతుంది. చిన్న మాట: ఒడియాలో దీన్ని పిలిచే కళాజీరా అనే పేరు కొరాపుట్ వైపు సన్నని సువాసన బియ్యానికి కూడా ఉంది, కొట్లో అడిగేటప్పుడు విత్తనమని చెప్పండి.

చివరికి మెంతులు. వీటి గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ నాలుగిట్లో నిజంగా కొంత బరువు మోసేవి ఇవే, తినే పద్ధతిలో అందరూ పొరపాటు చేసేదీ వీటితోనే. మెంతిలో దాదాపు సగం పీచు. అందులో నీళ్ళు తగలగానే జిగురయ్యే పీచు చాలా ఉంది. మెంతులు నానితే వేళ్ళకి సాగే ఆ జిగురే పని చేసేది. అన్నంతో కలిసి కడుపులో ఉన్నప్పుడు ఆ జిగురు పిండిపదార్థాన్ని పట్టుకుని, అది చక్కెరగా మారి రక్తంలో చేరే వేగాన్ని తగ్గిస్తుంది. కాబట్టి మెంతి భోజనంతో వెళ్ళాలి. ఐదింటికి పరగడుపున మింగి ఎనిమిదిన్నరకి తింటే, అన్నం వచ్చే వేళకి జిగురు కిందికి వెళ్ళిపోయి ఉంటుంది. పడుకోబోయే ముందు మింగినదీ అంతే. రాత్రి నానబెట్టి పొద్దున నీళ్ళు తాగి గింజలు పారబోసేవాళ్ళున్నారు. పీచంతా గింజల్లోనే ఉండిపోతుంది.

మొదలుపెట్టే తీరు ఇలా ఉంటే ఇబ్బంది తక్కువ. చెంచా గింజలు సుమారు 4 గ్రాములు. మొదటి నాలుగు రోజులు పావు చెంచా, తర్వాత వారం అర చెంచా, మూడో వారానికి చెంచా. ఏ ఇబ్బందీ లేకపోతే నెల తిరిగేసరికి పూటకి ఒక చెంచా చొప్పున రెండు పూటలా. ఒక్కసారిగా ఎక్కువ తింటే పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ పీచుని పులియబెట్టి కడుపుబ్బరం, గ్యాసు, విరేచనాలు తెస్తాయి. అప్పుడు "నాకు పడలేదు" అని మానేస్తారు. రాత్రి నానబెట్టి, అదే నీళ్ళతో గింజలు మెత్తగా రుబ్బి, పూటకి తగ్గ ముద్దని పప్పులోనో దాల్మాలోనో (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) దించే ముందు కలిపితే చేదు తెలియదు. నానిన గింజల్ని గుడ్డలో కట్టి రెండు రోజులుంచితే మొలకలొస్తాయి, చేదు ఇంకా తగ్గుతుంది. కీరదోస ముక్కలతో తినొచ్చు. పొడే కావాలంటే గింజల్ని సన్నటి సెగ మీద దోరగా, సువాసన వచ్చేదాకా వేయించి దించేయండి. ఎర్రబడి నల్లబారితే విషంలా చేదెక్కుతుంది. రెండు వారాలకి సరిపడా మాత్రమే పట్టుకోండి, తడి తగలని సీసాలో పెట్టండి. చోడిపిండి (రాగిపిండి) రొట్టెకి మనిషికి చెంచా పొడి కలపొచ్చు, దోసెల పిండికి మెంతులు మీరెలాగూ నానబెడతారు.

చేయకూడనిది పొడిని నోట్లో పోసుకుని గుటకెడు నీళ్ళతో మింగడం. అది గొంతులోనే ఉబ్బుతుంది. 63 ఏళ్ళ మనిషికి పొలమారితే ప్రమాదం. మజ్జిగలోనో కూరలోనో కలిసి వెళ్ళాలి. ఈ పీచు మందుని కూడా పట్టుకుని ఆలస్యం చేయగలదు గనక, మెంతి ఎక్కువగా తినే పూటకీ మాత్రకీ మధ్య గంట, రెండు గంటలు ఎడం ఎలా పెట్టాలో డాక్టరునే అడగండి. చెమటకీ మూత్రానికీ బెల్లం పాకం లాంటి వాసన వస్తే అది మెంతి వాసన, మూత్రంలో చక్కెర పోతోందని కంగారు పడొద్దు. రక్తం పల్చబడే మందు వేసుకునేవాళ్ళు, శనగ, వేరుశనగ పడనివాళ్ళు డాక్టరుని అడగకుండా మోతాదు పెంచకూడదు. గర్భిణులు కూరల్లో వేసే మెంతికే పరిమితం కావాలి.

ఇంత చేస్తే ఎంత తగ్గుతుంది? రోజుకి రెండు చెంచాలు, అంటే 8 గ్రాములు, తిన్న తర్వాత షుగరు ఎగబాకడాన్ని కొంత తగ్గించొచ్చు. 8.9 ని అది 7 కి తేలేదు. 8.9 అంటే మూడు నెలల సగటు 209 దగ్గర, 7 అంటే 154 దగ్గర. ఆ దూరం నడవడానికి మాత్రలు, తిండి, నడక, మెంతి అన్నీ కావాలి.

సంతలో తెచ్చిన పొట్లం సంగతి వేరు. దీని దగ్గర మీరు గట్టిగా ఉండండి, మాట పడ్డా సరే. ఇంట్లో దంచిన పొడిలో ఏముందో మీకు తెలుసు. పేరూ చీటీ లేని పొట్లంలో ఏముందో ఎవరికీ తెలియదు. ఇలాంటి "షుగరు పొడుల్లో" చెప్పకుండా షుగరు మాత్రలే నూరి కలపడం, నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు కలపడం దేశంలో చాలా చోట్ల బయటపడింది. పొట్లం తిన్న రెండో రోజే షుగరు బాగా దిగితే సంతోషించకండి, అనుమానించండి. పారేయకుండా డాక్టరుకి చూపించడానికి దాచండి.

ఇక మీరు ఉత్తరంలో రెండు ముక్కల్లో రాసి వదిలేసిన విషయం: పొద్దున్న రెండు గిన్నెల పఖాళ (నీళ్ళు పోసి నానబెట్టిన చద్దన్నం), సాయంత్రం ముఢీ, రోజుకి నాలుగు టీలు. నిజానికి షుగరంతా ఇక్కడే ఉంది. టీకి రెండు చెంచాల పంచదార అంటే రోజుకి ఎనిమిది చెంచాలు, సుమారు 32 గ్రాములు. దాన్ని పక్కన పెట్టి మెంతులు లెక్కపెట్టడంలో అర్థం లేదు. వారానికో పావు చెంచా తగ్గిస్తూ పోతే నాలుక అలవాటు పడుతుంది. ముఢీ, అంటే మన మరమరాలు, గాలి నిండి తేలిగ్గా కనిపిస్తాయి గానీ రక్తంలో చక్కెరని తొందరగా ఎక్కిస్తాయి; గుప్పెడు ముఢీకి గుప్పెడు ఉడికించిన శనగలు కలపండి, సగం సమస్య తీరుతుంది.

పఖాళని మాన్పించాలని చూడొద్దు. ఎండాకాలం ఆ ప్రాంతంలో అది తిండే కాదు, ఒంటికి చలవ కూడా. చల్లారి నానిన అన్నంలో పిండిపదార్థం కొంత అరగని రకంగా మారుతుంది, అదీ మంచిదే. కానీ రెండు గిన్నెల అన్నం ఏ రూపంలో ఉన్నా రెండు గిన్నెలే. ఒక గిన్నె అన్నం, మిగతాది మజ్జిగా నీళ్ళూ, పక్కన తోటకూర వేపుడు, చిన్న చేప ముక్కో గుడ్డో. ముందు కూరా చేపా తిని అన్నం తర్వాత తింటే అదే అన్నానికి షుగరు తక్కువ పెరుగుతుంది. ఉప్పు తక్కువ వేయండి, బీపీ చూపించినట్టు మీ ఉత్తరంలో లేదు, అదీ చూపించండి. చోడంబలి షుగరుకి మందని చాలామంది నమ్మకం. చోడి మంచి ధాన్యమే, కానీ మెత్తగా పట్టించి పల్చగా కాచిన అంబలి త్వరగా అరిగి త్వరగానే ఎక్కుతుంది. బెల్లం వేస్తే చెప్పనక్కర్లేదు. ఆకుకూర కలిపిన రొట్టె నయం. భోజనం అయ్యాక పది, పదిహేను నిమిషాలు వాకిట్లో అటూ ఇటూ నడిచినా మీటరులో తెలుస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఇలాగే వదిలేయడం ఒకటి, మీవారు చెప్పినట్టు. ఇంట్లో మాట రాదు. అరికాళ్ళ మంటలు కొన్నాళ్ళకి మొద్దుబారతాయి, నయమైందనుకుంటారు. స్పర్శ పోయిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండయ్యాక తెలుస్తుంది. మాత్రలు కిడ్నీలని పాడుచేస్తాయన్న మాటకి జవాబు కూడా ఇక్కడే ఉంది: కిడ్నీలని ముందుగా తినేసేది అదుపు లేని షుగరు, బీపీ. మెట్‌ఫార్మిన్ కిడ్నీని చెడగొట్టదు. కిడ్నీ అప్పటికే బాగా దెబ్బతింటే మాత్రం ఆ మాత్ర తగ్గించాలి, ఇంకా దెబ్బతింటే ఆపాలి. అందుకే క్రియాటినిన్ పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేస్తారు. చిన్నత్తగారి భయం నిజమో కాదో ఆ రెండు కాగితాలు చెప్తాయి, ఆవిడకే చూపించండి.

పొడి మొత్తం మాన్పించి మాత్రలే వేయించడం ఇంకో దారి. వైద్యం ప్రకారం తప్పు లేదు. కానీ మీ ఇంట్లో అది అక్కాచెల్లెళ్ళ మాటకీ కోడలి మాటకీ పోటీ అవుతుంది, అత్తయ్య చాటుగా పొడి తింటారు. చాటుగా తినే పొడి గురించి డాక్టరుకి తెలియదు, మాత్ర మోతాదు తప్పుతుంది. మీరు ఓపిగ్గా ఉన్నా ఈ దారి నిలవడం కష్టం.

నాకు మెరుగనిపించేది మూడోది. పొడిని వంటింట్లోకి తెచ్చుకోవడం. "అత్తయ్యా, చిన్నత్తయ్య చెప్పిన మెంతులు మంచివే. చెంచాతో మింగకుండా రెండు పూటలా కూరలో నేనే వేస్తాను" అనండి. దాల్చిన చెక్క దానంతట అదే తప్పుకుంటుంది. మాత్రలు డాక్టరు చూసి కొత్తగా రాసినవి నడుస్తాయి. ఇందులో జాగ్రత్త ఏమిటంటే, మాత్రా మెంతీ తిండి తగ్గింపూ మూడూ కలిస్తే షుగరు ఒక్కోసారి అనుకున్నదానికంటే కిందికి పోతుంది, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ లాంటిది మళ్ళీ రాస్తే. 70 కి తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళు, పావుగంటకి మళ్ళీ మీటరు, అప్పటికీ 70 లోపే ఉంటే మళ్ళీ మూడు చెంచాలు, తర్వాత ఏదైనా తిండి. మాట్లాడలేని స్థితిలో నోట్లో ఏమీ పోయకండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఎవరి మాట నిజమో మీటరునే చెప్పనివ్వొచ్చు, అత్తయ్య చేతుల మీదుగా. డాక్టరు కొత్త మందు కుదిర్చాక రెండు వారాలు ఆగి, ఒకే రకం భోజనం ఒక రోజు మెంతిముద్దతో, ఇంకో రోజు అది లేకుండా పెట్టండి. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి సరిగ్గా రెండు గంటలకి ఒకసారి చూడండి. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. బెల్లమో పండో ముట్టిన వేలితో చూస్తే అంకె అబద్ధం చెప్తుంది. స్ట్రిప్పుల డబ్బా గడువు తేదీ చూడండి. ఇలా మూడు నాలుగు జతలు కాలెండరు మీద రాయండి. మీటరు తప్పు ఎంతుంటుందో ముందే చెప్పాను కదా, పది ఇరవై తేడాని పట్టించుకోకండి. మూడు నెలలయ్యాక, మొదట 8.9 వచ్చిన ఆ మూడు నెలల షుగరు పరీక్ష మళ్ళీ చేయించండి. అత్తయ్యకో ఆవిడ రక్తసంబంధీకులకో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) ఉన్నా, అత్తయ్యకి రక్తం బాగా తక్కువున్నా ఆ పరీక్ష తప్పు అంకె ఇవ్వగలదు. ఒడిశాలో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు తక్కువేమీ కాదు, డాక్టరుకి చెప్పండి. మెట్‌ఫార్మిన్‌తో కొందరికి బీ12 తగ్గి అరికాళ్ళు మండుతాయి. ఆవిడ వేసుకున్నది కొద్ది నెలలే కాబట్టి అవకాశం తక్కువ, అయినా అడగండి.

ఎవరు తీసుకెళ్ళాలి అన్నది కూడా ముఖ్యమే. మీరు కాదు. మీవారు వెళ్ళాలి. "అమ్మ ఇష్టం" అన్న మనిషికి 214 అంకె, అరికాళ్ళు, ఆ సోమవారం గుర్తుచేసి, ఒక్క పూట సెలవు పెట్టమని అడగండి. కొడుకు పక్కన కూర్చుంటే డాక్టరు మాట ఆవిడకి కోడలి మాటలా వినిపించదు. అత్తయ్యకి ఒడియా వచ్చినా ఒంటి బాధలు తెలుగులోనే చెప్పగలరని రాశారు. ఒక కాగితం మీద పండగల వరసలోనే జరిగినదంతా రాసివ్వండి: ఏ మాత్ర ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, పొడిలో ఏమేం ఎంతెంత, ఆ మధ్యాహ్నం ఏం జరిగింది. తెలుగు డాక్టరు కోసం శ్రీకాకుళం వెళ్ళాలన్న మీ ఆలోచన తప్పు కాదు, మాట సులువవుతుంది. కానీ నెలనెలా అంత దూరం సాగదు, మధ్యలో మందు తెగుతుంది. మీ ప్రభుత్వ ఆస్పత్రిలో నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తారు, తెగకుండా దొరికే మందే ఇప్పుడు కావాలి. కావాలంటే ఒక్కసారి శ్రీకాకుళంలో చూపించి, ఆ చీటీతో ఇక్కడ కొనసాగించొచ్చు.

శివరాత్రి దగ్గరకొస్తోంది. అత్తయ్య ఉపవాసం ఉంటారనే అనుకుంటున్నాను. వద్దని మీరు అడ్డుపడకండి, కానీ ఈ వారం డాక్టరు దగ్గర ఆ మాట తప్పక ఎత్తించండి: ఆ రోజు ఏ మాత్ర ఆపాలి, ఏది వేసుకోవచ్చు, మజ్జిగా పండూ ఎప్పుడు తీసుకోవాలి. షుగరు అప్పటికీ 200 పైనే ఉంటే ఈ ఏటికి జాగారం చేసి ఉపవాసం మానమని డాక్టరే చెప్పొచ్చు. ఉంటే మాత్రం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు మీటరు చూడాలి. 70 కి దిగినా, చెమట పట్టి చేతులు వణికినా శివుడికి దణ్ణం పెట్టుకుని ఉపవాసం విరమించడానికి ఆవిడ చేత ముందే ఒప్పించుకోండి. ఆ రోజు పంచదార డబ్బా, గ్లాసూ ఆవిడ చేతికి అందే చోట ఉంచండి.